18 ఏళ్ల దర్వాజా: నిగరానీ ఎవరి జిమ్మేదారి?

సినిమా పోస్టరు మూలన చిన్న గుండ్రం, అందులో 'ఏ' అక్షరం. కర్నూలు పాతబస్తీ గోడల మీదా, కడప ఏడు రోడ్ల దగ్గరా దాన్ని చూడకుండా పెరిగినవాళ్లు మనలో ఎవరూ ఉండరు. చదువు రాని మా నానీమాకు కూడా దాని మతలబ్ తెలుసు. పిల్లలకు మనా, 18 నిండినవాళ్లకే ఇజాజత్. ఇంత సాఫ్‌గా చెప్పిన హుకుం మన దేశంలో ఇంకొకటి లేదేమో. ఇంత ఖుల్లంఖుల్లాగా తప్పిన హుకుం కూడా ఇంకొకటి ఉండదు.

ఈ మధ్య జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల దగ్గర, షాదీ దావత్‌లలో, బడి మీటింగుల్లో నాకు ఒకే సవాల్ ఎదురవుతోంది. "క్యా జీ, మీరు అఖ్బార్ మనిషి కదా, చెప్పండి. ఫోన్‌లో ఆ గలీజ్ సైట్లు పిల్లలకు ఎట్లా ఓపెన్ అయితాయి? 18 దాటినావా అని అడుగుతుందంట, అవును అని నొక్కితే చాలంట. లోపల చూసుకునే మనిషే ఉండడా?" అడిగేవాళ్ల గొంతులో గుస్సా ఉంటుంది, కానీ దాని కింద ఉండేది భయం. అందుకే ఈ మజ్మూన్ రాస్తున్నాను. జవాబు టెక్నాలజీ పుస్తకాల్లో కంటే తారీఖ్‌లోనే ఎక్కువ దొరుకుతుంది. ఎందుకంటే ఆ సవాల్ ఫోన్‌తో పుట్టింది కాదు.

ముందు ఉమర్ సంగతి. కోర్టు కాగితాల్లో ఇప్పుడు 'మైనర్' అంటున్నారు గానీ మన పాత దస్తావేజుల్లో ఉండే మాట నాబాలిగ్. నాబాలిగ్ పేరు, పక్కనే వలీ పేరు. పిల్లవాడి ఆస్తికి, నికాహ్‌కు, చదువుకు జవాబ్‌దారీ ఎవరిదో ఆ ఒక్క లైన్లోనే తేలిపోయేది. ఫిఖహ్‌లో బులూగ్ వేరు, రుష్ద్ వేరు. ఒళ్లు ఎదగడం ఒకటి, అకల్ ఎదగడం ఇంకొకటి. యతీమ్ ఆస్తిని అప్పజెప్పే ముందు వాడికి రుష్ద్ వచ్చిందో లేదో వలీ పరీక్షించాలి. బ్రిటిష్ సర్కారు 1875లో ఇండియన్ మెజారిటీ యాక్ట్ తెచ్చి దీన్నంతా 18 అనే ఒక్క అంకె కింద పెట్టింది. నికాహ్, మెహర్, తలాఖ్ లాంటి వాటిని మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు. అంకె వచ్చింది కదా అని వలీ ఎక్కడికీ పోలేదు. పిల్లవాడి ఉమర్ తెలిసినవాడే పిల్లవాడికి జిమ్మేదార్.

సినిమా హాలు వచ్చాక ఈ లెక్క తప్పింది. అక్కడ పిల్లవాడి ఉమర్ చూడాల్సింది బాప్ కాదు, చాచా కాదు, ఉస్తాద్ కాదు. టికెట్ చింపే మనిషి. వాడికి పిల్లవాడి పేరు కూడా తెలియదు.

సినిమా ఖానూన్ మొదట్లో పిల్లల గురించి పెద్దగా పట్టించుకోలేదు. 1918లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం రెండు విషయాలు చూసుకుంది. హాలు తగలబడకూడదు, సర్టిఫికెట్ లేని బొమ్మ ఆడకూడదు. అప్పటి ఫిల్ము అగ్గిపుల్లలా అంటుకునే సరుకు కాబట్టి మొదటి భయం న్యాయమైనదే. రెండో భయం తెల్లదొరల రాజకీయం. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు వచ్చాయి. మన కర్నూలు, కడప మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి మనకు మద్రాసు బోర్డే లెక్క. 1927లో మద్రాసు వకీలు దివాన్ బహదూర్ టి. రంగాచారియార్ అధ్యక్షతన సర్కారు ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ దేశమంతా తిరిగి వందలమంది సాక్షులను విచారించింది. సినిమా అసర్ పిల్లల మీద ఏమిటన్న సవాల్ వాళ్ల ముందూ ఉంది. 1928లో రిపోర్టు ఇచ్చారు. దాన్ని అల్మారాలో పెట్టేశారు, కమిటీ రిపోర్టులకు జరిగేది అదే కదా.

ఆజాదీ వచ్చాక 1949లో చట్టాన్ని సవరించి బొమ్మలను రెండు ఖానాలుగా విడగొట్టారు. అందరికీ 'యూ', పెద్దలకు 'ఏ'. 1951లో బొంబాయిలో కేంద్ర బోర్డు కూర్చుంది. ఇప్పటికీ నడుస్తున్న అసలు చట్టం 1952ది. అందులో 'అడల్ట్' అంటే 18 ఏళ్లు నిండిన మనిషి అని రాసి ఉంది.

ఇక్కడ మన ఇలాఖా వాళ్లు గౌర్ చేయాల్సిన ముచ్చట ఒకటుంది. రాజ్యాంగం సినిమాను రెండు ముక్కలు చేసి ఇద్దరికి పంచింది. బొమ్మకు సర్టిఫికెట్ ఇవ్వడం ఢిల్లీ పని. హాలుకు లైసెన్సు ఇవ్వడం రాష్ట్రం పని. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కదా. ఆ కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లోనే, 1955లో, మన సినిమాల రెగ్యులేషన్ చట్టం వచ్చింది. తర్వాత అదే ఆంధ్రప్రదేశ్ సినిమాల చట్టం అయింది. హాలులో ఎన్ని దర్వాజాలు ఉండాలి, లైసెన్సు ఎవరివ్వాలి, ఎప్పుడు రద్దు చేయాలి అన్న ఇఖ్తియార్ జిల్లా అధికారుల చేతికి వచ్చింది.

ఫలితం ఏమిటో చూడండి. పిల్లలు చూడకూడదని నిర్ణయించేవాళ్లు బొంబాయిలోనో మద్రాసులోనో చల్లటి గదిలో కూర్చుంటారు. వాళ్లు కర్నూలు గేటు ఎప్పుడూ చూడరు. కర్నూలు గేటు మీద ఇఖ్తియార్ ఉన్న అధికారి ఆ బొమ్మ చూడడు. ఇద్దరి మధ్యలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఖాకీ చొక్కా, చేతిలో టార్చ్ లైట్, నోట్లో పాన్.

చట్టం మాట మాత్రం గట్టిదే. 'ఏ' బొమ్మను 18 నిండనివాళ్లకు చూపిస్తే సెక్షన్ 7 ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ ఉండేవి. నేరం కొనసాగితే రోజుకు 20 వేల దాకా అదనం. ఈ శిక్ష చూసి కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు హాళ్ల యజమానులు వణికిపోయారా? నేను 20 ఏళ్లకు పైగా ఈ రెండు జిల్లాల్లో రిపోర్టింగ్ చేస్తున్నాను. నాబాలిగ్‌ను లోపలికి వదిలినందుకు ఫలానా సేట్‌కు శిక్ష పడిందన్న ఖబర్ నేను ఒక్కటీ రాయలేదు. బ్లాక్ టికెట్ల కేసులు రాశాను, లైసెన్సు రెన్యువల్ గొడవలు రాశాను, అభిమానుల కొట్లాటలైతే లెక్కలేనన్ని.

1980లు, 90లు 'మార్నింగ్ షో' జమానా. పొద్దున పదకొండు గంటల ఆట. ఆ వేళకు పెద్ద బొమ్మలు వేయరు. పాత బొమ్మలో, మలయాళం నుంచి డబ్ అయినవో వేసేవాళ్లు. పాపం, మలయాళంలో ఎంత మంచి సినిమా తీశారో ఆ రోజుల్లో! మన దగ్గర మాత్రం 'మలయాళం సినిమా' అన్న మాటే ఒక తిట్టు అయిపోయింది. పంపిణీదార్లు 'పెద్దలకు మాత్రమే' అన్న మాటను సినిమా పేరు కంటే పెద్ద అక్షరాలతో అచ్చు వేయించేవాళ్లు. మనా చేయడానికి పెట్టిన అక్షరం దావత్‌నామా అయింది. సెన్సార్ సర్టిఫికెట్ తెర మీద పడేటప్పుడు దాని మూలన త్రిభుజం గుర్తు ఉంటే లోపల కట్స్ ఉన్నాయని అర్థం. కొన్ని హాళ్లలో ఆ కత్తిరించిన ముక్కలను, ఒక్కోసారి ఏ బొమ్మకూ సంబంధం లేని ముక్కలను, మధ్యలో అతికించి వేసేవాళ్లు. జనం వాటిని 'బిట్లు' అనేవాళ్లు. అది ఇంకో నేరం.

ఆ పదకొండు గంటల ఆటకు వచ్చేవాళ్లు ఎవరు? డ్యూటీ దిగిన లారీ డ్రైవర్లు, మార్కెట్ యార్డు హమాలీలు, కాలేజీ ఎగ్గొట్టినవాళ్లు, యూనిఫాం చొక్కా మీద ఇంకో చొక్కా తొడుక్కున్న తొమ్మిదో తరగతి పిల్లలు. నేను చదివిన ఉర్దూ మీడియం బడికి కాస్త దూరంలోనే ఒక హాలు ఉండేది. హాజిరీ పుస్తకంలో గైర్‌హాజిర్ పడ్డ పిల్లలు ఎక్కడున్నారో మా ఉస్తాద్‌కు తెలుసు. ఆయన బెత్తం పట్టుకుని ఆ గేటు దగ్గరికే వెళ్లి నిలబడేవారు. అంటే చట్టం పెట్టిన కాపలాను జీతం లేకుండా చేసింది మా ఉర్దూ ఉస్తాద్. పట్టుబడిన పిల్లలకు దెబ్బలు. లోపలికి పంపిన గేటుకు ఏమీ లేదు.

చాలా ఏళ్ల తర్వాత అలాంటి ఒక గేట్‌కీపర్ చాచాతో కూర్చుని మాట్లాడాను. 30 ఏళ్లు ఆ దర్వాజా దగ్గరే గడిపిన మనిషి. అయిదు పూటల నమాజీ. పిల్లలను ఎందుకు వదిలేవాళ్లని అడిగితే ఆయన నవ్వలేదు, కోపం చేసుకోలేదు. "మై టికెట్ దేఖ్తా థా బావా, ఉమర్ నై. ఉమర్ దేఖే తో సేట్ మేరా హిసాబ్ దేఖ్తా థా" అన్నాడు. ఉమర్ చూస్తే సేట్ నా లెక్క తేల్చేవాడు అని. మళ్లీ కాసేపటికి ఆయనే అన్నాడు: మా మొహల్లా పిల్లలను మాత్రం వెనక్కి పంపేవాణ్ని, వాళ్ల బాప్‌లు తెలుసు కదా, మిగతావాళ్లు ఎవరో నాకేం తెలుసు.

ఆ మాటను నేను చాలాసార్లు తలచుకున్నాను. తెలిసిన పిల్లవాడి దగ్గర ఆయన వలీ. తెలియని పిల్లవాడి దగ్గర నౌకర్. నౌకర్ వలీ పని చేయాలంటే వాడికి సేట్ మద్దతు ఉండాలి, సేట్‌కు చట్టం భయం ఉండాలి. ఆ రెండూ లేనప్పుడు వాణ్ని తిట్టి ఫాయిదా లేదు.

'ఏ' అక్షరం మీద మన దేశంలో జరిగిన అతి పెద్ద ముఖద్దమా నడిపింది ఒక ఉర్దూ జర్నలిస్టు, దానికి ఫైస్లా రాసింది ఒక ముస్లిం చీఫ్ జస్టిస్. మన పిల్లలకు స్కూలు పుస్తకాల్లో ఈ సంగతి దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పేరు రాజ్ కపూర్ సినిమాల వల్ల చాలామందికి తెలుసు. 1968లో ఆయన నాలుగు శహర్ల మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ. ఒకవైపు అమీర్ల బంగళాలు, ఇంకోవైపు ఆ బంగళాలు కట్టిన మజ్దూర్ల బతుకు. అందులో బొంబాయిలో ఆడవాళ్ల శరీరాలు అమ్ముడయ్యే గల్లీ కొన్ని క్షణాలు కనపడుతుంది. బోర్డు వాళ్లు 'ఏ' అన్నారు. అబ్బాస్ ఒప్పుకోలేదు, 'యూ' కావాలన్నారు. రివైజింగ్ కమిటీ కూడా 'ఏ' అంది. ఆయన కేంద్ర సర్కారుకు అపీల్ చేశారు. ఆ గల్లీ సీన్లు కోస్తే 'యూ' ఇస్తామన్నారు. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణ నడుస్తుండగా సర్కారు దిగివచ్చి కోతలు లేకుండానే 'యూ' ఇస్తామంది. ఇంకొకరైతే షుక్రియా చెప్పి ఇంటికి పోయేవారు. అబ్బాస్ మాత్రం అసలు సెన్సార్ అనేదే రాజ్యాంగానికి ఖిలాఫ్ అని పిటిషన్ మార్చి వాదించారు.

1970 సెప్టెంబర్ 24న చీఫ్ జస్టిస్ ఎం. హిదాయతుల్లా ఫైస్లా ఇచ్చారు. సినిమా అసర్ పుస్తకం కంటే వేరు, పిల్లల మీద మరీ ఎక్కువ. కాబట్టి ముందే చూసి ఖానాలు వేయడం జాయజ్. అయితే పేదరికాన్ని, సమాజపు కుళ్లును చూపించినంత మాత్రాన అది ఫోహ్ష్ అయిపోదని కూడా తేడా చూపించారు. సెన్సార్ వాళ్లు ఆ తమీజ్ నేర్చుకోవాలన్నది ఆ తీర్పు సారాంశం. 'ఏ', 'యూ' ఖానాలకు దేశంలో పక్కా బునియాద్ పడింది ఆ రోజే. ఆ ముఖద్దమాలో జరిగిన బహస్ అంతా అక్షరం ఎవరు వేయాలి, ఎలా వేయాలి అన్నదాని గురించే. వేసిన తర్వాత గేటు దగ్గర ఏమవుతుందన్నది అక్కడ పిటిషనరు ఎత్తిన సవాల్ కాదు.  1983లో 'యూఏ' కలిసింది, బోర్డు పేరులో సెన్సార్ పోయి సర్టిఫికేషన్ వచ్చింది. 2023లో ఆ 'యూఏ'ను 7, 13, 16 అని మూడు ముక్కలు చేశారు. అక్షరాలు, అంకెలు పెరుగుతూ వచ్చాయి.

గేటు అసలు పని చేయదా అంటే, చేస్తుంది. 2023 డిసెంబర్‌లో ప్రభాస్ 'సలార్'కు, 2025 సెప్టెంబర్‌లో పవన్ కల్యాణ్ 'ఓజీ'కి 'ఏ' పడింది. మల్టీప్లెక్సుల్లో ఆధార్ అడిగారు. పిల్లలతో వచ్చిన కుటుంబాలు వెనక్కి తిరిగి వెళ్లాయి, గొడవలు పడ్డాయి. 2025 ఆగస్టులో రజనీకాంత్ 'కూలీ'కి 'ఏ' ఇచ్చారని సన్ పిక్చర్స్ వాళ్లు ఏకంగా మద్రాస్ హైకోర్టుకే వెళ్లారు, 'యూఏ' కావాలని. కోర్టు ఒప్పుకోలేదు. 1980లలో 'ఏ' అక్షరాన్ని పెద్దగా అచ్చు వేసి సొమ్ము చేసుకున్న ధందా ఇప్పుడు అదే అక్షరం వద్దని కోర్టుకు పోయింది. ఎందుకు? మల్టీప్లెక్స్ గేటు దగ్గర నిలబడ్డ పిల్లవాడికి కంపెనీ చెప్పింది: ఐడీ లేకుండా వదిలితే నీ నౌకరీ పోతుందని. మా చాచాకు చెప్పిన దానికి పూర్తిగా ఉల్టా. జీతంలో పెద్ద తేడా ఏమీ లేదు.

మధ్యలో వీడియో పార్లర్లు వచ్చాయి పోయాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను. సైబర్ కేఫ్‌ల గురించి చెప్పాలి. 2000 ప్రాంతంలో కర్నూలు, కడపలలో కాలేజీల దగ్గర ప్లైవుడ్ క్యాబిన్లు, వాటికి పర్దాలు, గంటకు ఇంత అని బోర్డు. రిజల్ట్స్ చూసుకోవడానికి, గల్ఫ్‌లో ఉన్న అబ్బాకు మెయిల్ కొట్టడానికి మన పిల్లలు పోయేది అక్కడికే. ఆ పర్దాల వెనక ఇంకేం జరిగేదో ఓనర్లకు తెలుసు, పర్దా పెట్టింది అందుకే. సర్కారు 2011 ఏప్రిల్‌లో సైబర్ కేఫ్ రూల్స్ తెచ్చింది. నాకు తెలిసి ఉమర్ నిగరానీ మీద మన దేశంలో రాసిన వాటిలో వడ్రంగికి కూడా అర్థమయ్యే రూల్స్ అవే. క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. క్యాబిన్ లేని చోట స్క్రీన్లు బయటికి కనపడేలా తిప్పి పెట్టాలి. అమ్మాబాబు పక్కన లేకుండా మైనర్‌ను క్యాబిన్‌లో కూర్చోబెట్టకూడదు. ఐడీ చూడాలి, పేరు రాసుకోవాలి, ఆ రికార్డు ఏడాది దాచాలి. అశ్లీల సైట్లు చూడరాదని బోర్డు పెట్టాలి. జిమ్మేదార్ ఎవరో సాఫ్: కేఫ్ ఓనర్. కానీ అఫ్సోస్, రూల్స్ వచ్చేసరికి కేఫ్‌లే ఖాళీ అవుతున్నాయి. ఇంటర్నెట్ జేబులోకి దిగిపోయింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా ఖర్చు అనే అడ్డుగోడ కూడా కూలింది. నాలుగున్నర అడుగుల గోడను కొలిచే ఇన్‌స్పెక్టర్ దుప్పటి కింద ఉన్న ఫోన్‌ను ఎట్లా కొలుస్తాడు?

ఇక అసలు సవాల్. సైటు లోపల చూసుకునే మనిషి ఉండడా? ఉంటాడు. ఇంగ్లిష్‌లో అతన్ని మోడరేటర్ అంటారు. ఆన్‌లైన్ గేట్‌కీపర్ అనుకోండి. మన దేశంలో ఈ మనిషి యజమానిని జైలుకు పంపిన మొదటి కేసు 2004 డిసెంబర్‌లో వచ్చింది. ఢిల్లీలో ఇద్దరు స్కూలు పిల్లల క్లిప్ ఒకటి బాజీ డాట్ కామ్ అనే అమ్మకాల సైటులో అమ్మకానికి పెట్టారు. దాని అధిపతి అవ్‌నీష్ బజాజ్‌ను అరెస్టు చేశారు. పరిశ్రమ అంతా గగ్గోలు పెట్టింది: ఎవడో పెట్టిన సరుకుకు మేమెట్లా జవాబ్‌దార్లం? ఆ గగ్గోలు పని చేసింది. ఐటీ చట్టాన్ని 2008లో సవరించారు. సెక్షన్ 79 కింద, తెలిసిన తర్వాత తీసేస్తే చాలు, అప్పటిదాకా సైటుకు జిమ్మేదారి లేదన్నారు. ఇందులో న్యాయం లేకపోలేదు. రోజుకు లక్షల మంది రాసేదాన్ని ముందే చదవాలంటే మనలాంటి చిన్న రాతగాళ్లకు జాగా దొరకదు. కానీ 'నాకు తెలియదు' అన్నదే ఫాయిదా అయినప్పుడు తెలుసుకోవాలని ఎవరు అనుకుంటారు?

తర్వాత సర్కారు వేసిన బాణం అసలు నిషానాకే తగల్లేదు. ఇండోర్ వకీలు కమలేశ్ వాస్వానీ 2013లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2015 జులై 31న టెలికాం శాఖ 857 సైట్లు బంద్ చేయమని ఇంటర్నెట్ కంపెనీలకు హుకుం ఇచ్చింది. నాలుగైదు రోజుల్లోనే గోల మొదలైంది. సర్కారు మాట మార్చి, పిల్లల అశ్లీలత లేని సైట్లను తెరుచుకోవచ్చంది. కంపెనీలు తిరిగి అడిగాయి: ఏ సైటులో అది ఉందో, ఎందులో లేదో తేల్చేది మేమా? జవాబు లేదు. 2018 సెప్టెంబర్‌లో డెహ్రాడూన్ స్కూలు దారుణం తర్వాత ఉత్తరాఖండ్ హైకోర్టు మళ్లీ బంద్ చేయమంది. జాబితాను ఈసారి చదివి చూస్తే 857లో 30 సైట్లలో అశ్లీలత అసలే లేదని తేలింది. 827 బంద్ చేశారు. మూడేళ్లపాటు ఎవరూ తెరిచి చూడని జాబితా అది! బంద్ అయిన సైట్లు పేరులో ఒక అక్షరం మార్చుకుని తిరిగొచ్చాయి.

మోడరేటర్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఇతను ఎక్కడో అమెరికాలో కూర్చుంటాడనుకోకండి. 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది: ఫేస్‌బుక్ కోసం జనం పెట్టిన ఫోటోలను, వీడియోలను చూసి తీసేసే పని ఒక కాంట్రాక్టు కంపెనీ ద్వారా హైదరాబాద్‌లో జరుగుతోందని, తక్కువ జీతం, ఎక్కువ ఒత్తిడి అని ఉద్యోగులు వాపోతున్నారని. కర్నూలు, కడపల నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని రాత్రి బస్సెక్కే మన పిల్లలకు దొరికే నౌకరీల్లో ఇదీ ఒకటి. మనిషి చూడకూడనివన్నీ షిఫ్టంతా చూడాలి. చూసి, సెకన్లలో ఉంచాలా తీయాలా తేల్చాలి. అతనికి ఒక టార్గెట్ ఉంటుంది. చూసేవాడి ఉమర్ అతనికి కనపడదు, తెర మీద ఉన్నది మాత్రమే కనపడుతుంది. మా చాచాకు కనీసం పిల్లవాడి మొహం కనపడేది.

అది కూడా పేరున్న సోషల్ మీడియా కంపెనీల సంగతి. అడల్ట్ సైట్లలో చాలావాటికి ఇక్కడ దఫ్తర్ లేదు, ఫోన్ నంబర్ లేదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం 50 లక్షల యూజర్లు దాటిన సోషల్ మీడియా కంపెనీలు మన దేశంలో ఒక కంప్లయన్స్ ఆఫీసర్‌ను పెట్టాలి, తప్పు జరిగితే అతనిదే పూచీ. ఓటీటీ వాళ్లు 'ఏ' బొమ్మలకు వయసు చూసే ఏర్పాటు, 13 దాటిన ఖానాలకు పేరెంటల్ లాక్ పెట్టాలి. ఇవన్నీ మన గడప లోపల ఉన్నవాళ్లకు. గడప బయట కూర్చుని ధందా చేసేవాడికి 'నీకు 18 నిండాయా' అన్న బటనే ఇప్పటిదాకా ఉన్న గేటు.

కానీ వాళ్లను కదిలించలేమని కాదు. 2020 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం వచ్చింది, పిల్లల మీద జరిగిన జుల్మ్ వీడియోలు ప్రపంచంలో అతి పెద్ద అడల్ట్ సైట్లలో ఒకదానిలో ఎట్లా ఉన్నాయో చెబుతూ. వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైటుకు చెల్లింపులు ఆపేశాయి. అంతే, కొద్ది రోజుల్లోనే ఎవరు పెట్టారో తెలియని లక్షల వీడియోలను ఆ సైటు తనంతట తానే తీసేసింది. ఏళ్ల తరబడి మోడరేటర్లు సరిపోవడం లేదని చెప్పిన కంపెనీకి పైసా ఆగగానే అన్నీ సాధ్యమయ్యాయి. ఈ తారీఖ్ మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చే సబఖ్ అదే అనిపిస్తుంది.

2025లో బయటి దేశాలు ఆ దారి పట్టాయి. జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్ చట్టాన్ని జాయజ్ అంది, అడల్ట్ సైటు వయసు రుజువు అడిగి తీరాలి. జులై 25 నుంచి బ్రిటన్‌లో బటన్ నొక్కితే చాలదు, పక్కాగా వయసు తేల్చాలి. అమలైన రోజుల్లోనే వీపీఎన్‌ల వాడకం అక్కడ బాగా పెరిగిందనుకోండి, పిల్లలు పిల్లలే. డిసెంబర్ 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 నిండనివాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే లేవు. ఖాతా ఉంటే జుర్మానా కంపెనీకి, పిల్లకూ తల్లిదండ్రులకూ కాదు. అలాంటిది మన దగ్గరా ఆలోచిస్తున్నామని మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో అన్నారు. మన డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. 18 లోపు పిల్లల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల రజామందీ ఉండాలి, తప్పితే జుర్మానా 200 కోట్ల దాకా.

నాకు ఒక ఫికర్ ఉంది, దాచను. రేపు ఎవరైనా 'ఆధార్ కొట్టి లోపలికి రా' అంటే? ఏ దేశంలో నడుస్తుందో తెలియని గలీజ్ సైటు చేతిలో మన కుర్రాడి ఆధార్ పెట్టడమంటే దొంగకు తాళం చెవి ఇవ్వడమే. బ్లాక్‌మెయిల్ ఫోన్లు వచ్చి కుమిలిపోయిన ఇళ్లు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. వయసు తేల్చాలి గానీ పేరు చెప్పకుండా తేల్చాలి. ఫోన్ తయారు చేసేవాడో సిమ్ ఇచ్చేవాడో 'ఈ మనిషికి 18 నిండాయి' అని ఒక్క మాట చెబితే చాలు, సైటుకు ఇంకేమీ తెలియనక్కర్లేదు. ఇది చేయగలిగిన పనే. ఎవరు చేయాలన్న దగ్గరే ఆగింది.

ఈలోపు మన ఇళ్లలో ఏం జరుగుతోంది? బడా బేటా ఫోన్‌లో ఏదో దొరుకుతుంది. ఇంట్లో గొడవ. మరుసటి రోజు ఫోన్ లాక్కునేది ఎవరి దగ్గర? చెల్లెలి దగ్గర. టెన్త్‌లో మంచి మార్కులు వచ్చిన పిల్ల, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్ల. 'జమానా ఖరాబ్ హై' అని ఇంటర్‌కు పంపడమే మానేసిన ఇళ్లు నాకు తెలుసు. గేటు తెరిచి పెట్టింది ఒకరు, లోపలికి పోయింది ఇంకొకరు, తాళం పడింది మూడో మనిషికి. మగపిల్లవాడిని కూర్చోబెట్టి మాట్లాడే అబ్బాలు ఎంతమంది? శరం అడ్డొస్తుందంటారు. ఆ శరం కూతురి చదువు ఆపేటప్పుడు అడ్డు రాదు.

ఇంకో మాట చాలామందికి తెలియదు. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు, మద్రాస్ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పును కొట్టేస్తూ, పిల్లలతో తీసిన అశ్లీల వీడియోను ఫోన్‌లో ఉంచుకోవడం, చూడడం కూడా పోక్సో కింద నేరం కావచ్చని తేల్చింది. వాట్సాప్ గ్రూపులో వచ్చింది, నేను పంపలేదు అన్న జవాబు ఇక చెల్లదు. అలాంటివి కనపడితే పోలీసులకు చెప్పని కంపెనీకి సెక్షన్ 79 ఛత్రీ దొరకదని కూడా అదే తీర్పులో ఉంది. అంటే 2004లో బాజీ డాట్ కామ్ కేసులో మొదలైన బహస్ 20 ఏళ్లకు ఒక మలుపు తిరిగింది. ఒక్క పిల్లల అశ్లీలత విషయంలోనే, కానీ తిరిగింది.

మీ ఇంట్లో పిల్ల ఫోటోతో ఎవరైనా బెదిరిస్తే దాచకండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల, పిల్లల కేసులకు పేరు చెప్పకుండా ఫిర్యాదు ఇచ్చే వీలుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఆ ఫోటో ఏ సైటులో పడిందో ఆ లింకు, తారీఖు, టైము స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, డిలీట్ చేయకండి. సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా రాయండి; నగ్న చిత్రాలను తీయడానికి 2021 రూల్స్‌లో మొదట 24 గంటలుగా ఉన్న గడువు 2026 నుంచి ఫిర్యాదు అందిన 2 గంటలు. రాసిన టైము మీ దగ్గర ఉంటేనే ఆ లెక్క మొదలవుతుంది.